ఖాళీ చేయించిన గది

కుళాయి దగ్గర వరసలో ఉన్న మేరీరాణి బిందెను అప్పలలక్ష్మి కాలితో తన్నింది.

బిందె దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది.

"ఏటైంది పిన్నీ?"

"ఏటైందా? పెద్దాసుపత్రిలో ఎయిడ్స్ మందులిచ్చే లైన్లో నిన్ను మా రోజా సూసిందట. ఆ రోగం ఎట్టుకుని నా ఇంట్లో దూరినావా?"

పక్కింటి రోజా ఆ ఆసుపత్రిలో ఊడుస్తుంది. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఆ తెలుగు బస్తీలో సగంమందికి అక్కడే పని. అక్కడ చూసిన కబురు షిఫ్టు దిగేసరికి ఇంటింటికీ చేరుతుంది.

మేరీరాణి మొగుడు జబ్బుచేసి పోయాక బొబ్బిలి నుంచి వచ్చింది. మిషను కుట్టుకుంటూ రెండేళ్ళుగా అప్పలలక్ష్మి ముందుగదిలో అద్దెకుంటోంది.

"కుళాయి నీళ్ళతో అది అంటదు పిన్నీ," అంది నెమ్మదిగా.

"నాకు పాఠాలు సెప్పకు. పెళ్ళి కావాల్సిన కొడుకున్నాడు నాకు. ఈ పొద్దే గది కాళీ సెయ్యి."

కొడుకు ప్రవీణ్‌కుమార్ గుమ్మంలోనే ఉన్నాడు. ఓడరేవులో కూలిపని అతనికి. మేరీరాణి అతనివైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"అలా సూత్తావేటిరా? దాని పెట్టె తెచ్చి ఆటోలో పడెయ్!"

తెచ్చి పెట్టాడు.

మేరీరాణి ఆటో ఎక్కింది. హౌరా అవతల లిలువాలో ఎవరో చుట్టాలున్నారట, అక్కడికి వెళ్ళిపోయింది.

అప్పలలక్ష్మి ఫినాయిల్ తెచ్చి గది మూడుసార్లు కడిగింది.

వానలు వెళ్ళి చలి వచ్చేసరికి ప్రవీణ్‌కుమార్ సగమైపోయాడు. జ్వరం. తెగని దగ్గు.

"పెద్దాసుపత్రికి ఎల్దాం రారా. రోజా ఉంటాది, లైన్లో నిలబడక్కర్లేదు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సందు చివర డాక్టరు ఇచ్చిన దగ్గుమందే తాగాడు. ఒకరోజు రేవులో కుప్పకూలితే తోటి కూలీలు అదే ఆసుపత్రిలో చేర్చారు. టీబీ ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగోనాడు పోయాడు.

వార్డు బయట కూలబడ్డ అప్పలలక్ష్మి దగ్గరికి కౌన్సెలర్ వచ్చి కూర్చుంది. బెంగాలీ అమ్మాయి.

"మందులెందుకు ఆపేశాడు మాశీ? ఎనిమిది నెలలైంది!"

"ఏ మందులమ్మా?"

"హెచ్‌ఐవీ మందులు. రోజూ వేసుకుంటే అందరిలాగే బతికేవాడు."



"నా కొడుక్కా? వాడు ఈ ఆసుపత్రి గుమ్మమే తొక్కడే!"

"రక్తపరీక్షకి ముఖం కప్పుకుని వచ్చేవాడు. మందులకి మాత్రం రాడు. బస్తీవాళ్ళు చూస్తారని భయం. వాళ్ళక్కే వచ్చి తీసుకెళ్ళేది."

"అక్కా? నాకు వీడొక్కడే."

కౌన్సెలర్ వింతగా చూసింది.

"అదేంటి మాశీ, 'తమ్ముడు నా ఫోనెత్తట్లేదు, మీరైనా పిలవండి' అని ఎన్నిసార్లు ఏడ్చిందో! తనకి ఏ జబ్బూ లేకపోయినా, రెండేళ్ళు నెలనెలా ఆ లైన్లో నిలబడింది కదా, మీ పెద్దమ్మాయి మేరీరాణి."