బీడీల అరుగు మీద బొమ్మల దొంగ

దగ్గరికి జరగండమ్మా, ఇది గట్టిగా చెప్పే ముచ్చట కాదు. నిజాం రాజ్యం పోయిన కొత్తలో, కోరుట్లలో ఆడవాళ్లు కూడి బీడీలు చుట్టే ఒక అరుగు మీద జరిగింది.

"ఓ లస్మవ్వ! గా బొమ్మలకథల దొంగకేమైందే? కొమురవ్వ సదివినన్ని దినాలు ఉన్నోళ్లను దోసి లేనోళ్లకు పంచె. నువ్వు పత్రిక పట్టినకాడి నుంచి కుత్తుకలు కోస్తుండు!" అని ఎల్లక్క నిలదీసింది.

"బొమ్మల కింద రాసిందే సదువుతున్న. నా సొంతమా?" అన్నది లస్మవ్వ. పేజీ మాత్రం గబుక్కున తిప్పేసింది.

వారపత్రికలో ఆ దొంగ బొమ్మలకథ ఎప్పటి నుంచో నడుస్తున్నది. చదివే మనిషికి పత్రిక పట్టుకోవడంతోనే సరిపోతుంది గనుక, తలా కొన్ని బీడీలు చుట్టి ఆమె చాటలో వేయడం అక్కడి ఆనవాయితీ. కొమురవ్వ మంచిర్యాలకు కొడుకు దగ్గరికి పోయాక ఆ చాట లస్మవ్వకు దక్కింది. నిజానికి ఆమెకు అక్షరం ముక్క రాదు. బొమ్మలు చూసి నోటికొచ్చింది అల్లేది.

"ఏడో తరగతి సదివిన నా కోడలుండంగ మనకీ లొల్లెందుకు? సదువు పిల్లా, అందరు ఇననీ!" అంటూ ఎల్లక్క పత్రికను కొత్తకోడలు సరోజన ఒళ్లో పడేసింది.

సరోజన చాలాసేపు పేజీనే చూసింది. కొంగుతో చెమట తుడుచుకుని మెల్లగా మొదలుపెట్టింది. ఆమె నోట దొంగ కత్తి పారేశాడు. కుత్తుకలు కోసింది తాను కాదని, తన పేరు చెప్పి వేరెవరో కోశారని పోలీసుల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. అరుగు మీద అందరూ ముక్కులు చీదుకున్నారు.

లస్మవ్వకు తల కొట్టేసినట్టయింది. అసలు కథ ఇదన్నమాట! ఏ పాపం ఎరగనివాణ్ణి తానే హంతకుణ్ణి చేసింది. చాటలోని బీడీలన్నీ ఎల్లక్క ముందు కుమ్మరించింది.

"తీసుకోండే. నాకు సదువు రాదు. ఇన్ని దినాలు మీ రెక్కల కష్టం ఉత్తగ తిన్న. గీ పిల్ల సదివిందే నిజం."

ఎల్లక్క మురిసిపోయి, ఖాళీ చాటను కోడలి ముందుకు నెట్టింది.

"ఇగ గిది నీదే బిడ్డా!"

సరోజన చాటను ముట్టలేదు. తల దించుకుంది.

"వద్దత్తా... నేను సదివింది ఉర్దూ బడిల. గీ తెలుగుల దొంగెవడో పోలీసెవడో నాకూ తెల్వది."

మనసులో ఉంచుకుని మీవాళ్లకూ చెప్పండమ్మా. ఆ దొంగను మాత్రం మీకెట్లా తోస్తే అట్లా చెప్పుకోండి.