రెండు పాదాల మేర

నాలుగోసారి విత్తనం చల్లినా మొలవలేదు. పార్కంతా పచ్చగా ఉంటే, అక్కడ మాత్రం రెండు పాదాల మేర బోడినేల. తోటపనిలో నా పరువు తీస్తున్నది ఓ ముసలాయన. రోజూ పొద్దున్నే వచ్చి గంటసేపు అక్కడే కర్రలా బిగుసుకుని నిలబడతాడు. 'గడ్డి తొక్కరాదు' అని బోర్డు పెడితే, దాని పక్కనే నిలబడ్డాడు.

ఆరోజు ఒళ్లు మండి అడిగేశాను. "ఇంత పార్కులో మీకు నా గడ్డే దొరికిందా పెద్దాయనా?"

"పార్కు కాకముందు ఇది సైనికులకి కవాతు నేర్పిన మైదానం అమ్మా," అన్నాడు కదలకుండా. "వరుసలో నవ్వినందుకు ఇక్కడ నిలబెట్టే శిక్ష. వెళ్లమని చెప్పేదాకా కదలకూడదు."

"మిమ్మల్ని నిలబెట్టినవాడు ఏనాడో పోయుంటాడు. ఇంకా ఏం శిక్షండీ!"

"పోలేదమ్మా. నిలబెట్టింది నేనే. ఆ నవ్విన కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. వెళ్లమని చెప్పడం మరిచిపోయి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వాడితో సహా అందర్నీ లారీల్లో యుద్ధానికి తీసుకెళ్లిపోయారు."

వాడు తిరిగొచ్చాడా అని నేను అడగలేదు.

ఈ వానాకాలం ఆయన రాలేదు. అక్కడ గడ్డి ఒత్తుగా మొలిచింది. సూపర్‌వైజరు చూసి మెచ్చుకున్నాడు.

అతను అటు వెళ్లగానే నేను ఆ గడ్డి ముందు నిలబడి, "చాలు, ఇక వెళ్లండి" అన్నాను, ఇద్దరికీ వినబడేలా.