అత్తగారి పేరిట ఒక సముద్రజీవి

“నా తొట్టిలో రాయి ఎవరు మార్చారు?”

బట్టలుతికే గదిలో, గాజుతొట్టి ముందు, మోచేతుల దాకా తడిసిన చొక్కాతో నిలబడి అల్లుడు అడిగాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. అడిగింది తను, పక్కనే ఉన్నది భార్య. ఇక మిగిలింది అత్తగారు. కాబట్టి ఆ ప్రశ్న తగలాల్సిన చోటే తగిలింది.

“మీ రాయితో నాకేం పని అల్లుడుగారూ?” అంది ఆవిడ గుమ్మంలోకి వచ్చి. “వాసనొస్తోందన్నాను. అంతేగా.”

“మీరు అన్న మర్నాడే మారిందండీ.”

ఆ రాయి మీద ఉన్నది సీ స్క్వర్ట్‌ల కాలనీ. సీ స్క్వర్ట్ అంటే తాకితే నీళ్ళు చిమ్మే చిన్న తిత్తి. ఈ రకంలో ఒక్కొక్కటీ బియ్యపు గింజంత కూడా ఉండదు. కొన్ని చేరి పువ్వు రేకుల్లా గుండ్రంగా సర్దుకుని, అన్నీ కలిసి ఒకే జిగురు దుప్పటి కప్పుకుని బతుకుతాయి. ఎవరి నోరు వారిదే కానీ, వాడిన నీళ్ళు బయటికి పోయే తూము మాత్రం అందరికీ ఒక్కటే. వీటి మీద పరిశోధన చేస్తాడు కనక అల్లుడికి అత్తవారి వైపు ‘పిచికారీ’ అని పేరు.

రేవు నుంచి తెచ్చిననాడు ఆ కాలనీ ముదురు గోధుమరంగులో, రేకులు కుంగి, నోళ్ళు బిగించుకుని ఉంది. అలాంటిది అతను ఏ పుస్తకంలోనూ చూడలేదు. కొత్త జాతి దొరికిందని గంతులేశాడు. కనిపెట్టినవాడు తన పేరు తనే పెట్టుకుంటే బాగుండదు కనక అత్తగారి పేరు పెడతానన్నాడు. ఆ దెబ్బతో పిచికారీ అనే నోళ్ళన్నీ మూతపడతాయని ఆశ. ఆవిడ పొంగిపోయి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినవన్నీ వేళకి గుర్తొస్తే అతను పిచికారీ ఎందుకవుతాడు?

తెల్లారితే అతని గురువుగారు వస్తున్నారు. సీ స్క్వర్ట్‌ల వర్గీకరణలో ఆయన ఊ అంటేనే జాతి. ఎంతమంది మోజుపడి పెట్టుకున్న పేర్లు కొట్టేశారో లెక్కలేదు. తీరా ఇప్పుడు తొట్టిలో చూస్తే పసుపు చారల మామూలు రకం, ఏ రేవులో గోకినా ఊడొచ్చేది.

“తేల్చేస్తాను,” అన్నాడు అల్లుడు. తెచ్చిననాడే ఒక ముక్క కోసి, బతికుండేలా సముద్రపు నీళ్ళలో వేసి చల్లటి పెట్టెలో దాచాడు. ఆ గోధుమరంగు ముక్కని తెచ్చి తొట్టిలో కాలనీకి ఆనించి పెట్టాడు. “సొంతవైతే రెండూ కలిసిపోతాయి. పరాయివైతే మధ్యలో నల్లగీత గీసుకుని విడిపోతాయి. రేపు పొద్దున గీత కనపడ్డాక మాట్లాడదాం.”

“కనపడకపోతే?” అంది భార్య.

“కనపడుతుంది.”

అత్తగారు ఆ పూట భోజనానికి కూడా లేవలేదు.

పొద్దున్నే భార్యే ముందుగా భూతద్దం పట్టుకుంది. “గీత లేదండీ.”

అల్లుడు లాక్కుని చూశాడు. రెండూ ఎక్కడ అతుక్కున్నాయో కూడా తెలియడం లేదు. పైగా గోధుమరంగు ముక్కలోనూ పసుపు చారలు తేలుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ప్రతి ఏడూ తరగతిలో బల్ల గుద్ది చెప్పే పాఠం. ఈ కాలనీలో వారం వారం పాతవన్నీ ఒక్కసారే చచ్చి కరిగిపోతాయి, పక్కన మొలిచినవి వాటి చోటుకొస్తాయి. ఆ మార్పు రోజున చూస్తే వేరే జాతిలా ఉంటుంది, మోసపోకండి. ఇన్నేళ్ళలో విద్యార్థులెవరూ మోసపోలేదు.

“చల్లటి పెట్టెలో దానికన్నీ నెమ్మదిగా జరుగుతాయి. అందుకే ఆ ముక్క నిన్నటిదాకా మారలేదు,” అన్నాడు నీరసంగా.

“అంటే, అది పోతూ ఉన్న రోజు చూసి దానికి మా అమ్మ పేరు పెట్టారన్నమాట. మంచి ముహూర్తం.”

అతను సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళి అత్తగారి ముందు నిలబడ్డాడు. “తప్పు నాదే అత్తయ్యగారూ. ఎవరూ ఏమీ మార్చలేదు.”

“పోనీలెండి. పేరు మాత్రం ఉంటుందిగా?” అంది ఆవిడ. “అందరికీ చెప్పుకున్నాను.”

“గురువుగారు చూడాలి,” అని తప్పించుకున్నాడు.

గురువుగారు చెప్పిన వేళకే వచ్చారు. వెంట బాగా పెద్దావిడ ఒకామె, ఆయన చెయ్యి పట్టుకుని. “మా ఇంటి పెద్ద. ఒక్కర్తినీ వదల్లేక తీసుకొచ్చాను,” అని ఆవిడని ముందుగదిలో అత్తగారి పక్కన కూర్చోబెట్టి, తొట్టి దగ్గరికి నడిచారు.

అల్లుడు జరిగిందంతా ఒప్పేసుకున్నాడు, ఫోన్ల సంగతితో సహా. చీవాట్లకి సిద్ధపడ్డాడు. గురువుగారు భూతద్దం తీసుకుని తొట్టి మీదికి వంగారు.

“ఏం పేరనుకున్నావు?”

“మా అత్తగారి పేరు సార్.”

ఆయన లేచి గది తలుపు దగ్గరగా వేశారు. “నీ వయసులో నేనూ ఇదే చేశానయ్యా. ఇదే జీవి, ఇదే గోధుమరంగు. పేరు పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. తర్వాత నా చేత్తోనే కొట్టేయాల్సొచ్చింది.”

“ఎవరి పేరు సార్?” అన్నాడు అల్లుడు, ప్రాణం లేచొచ్చి, కాస్త గట్టిగానే.

ఆయన జవాబు చెప్పేలోపే ముందుగదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. “మా అల్లుడూ అంతేనమ్మా. ఒక సముద్రజీవికి నా పేరే పెట్టాడు. ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది.”

“మెల్లిగా మాట్లాడవయ్యా,” అన్నారు గురువుగారు. “ఆవిడకింకా చెప్పలేదు.”