పెద్ద తొట్టి

షెడ్డులోంచి ధన్‌మని గొడ్డలి దెబ్బ వినపడింది.

బయట వాకిట్లో పీపాలు కడిగిస్తున్న మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. ఆ వేళప్పుడు షెడ్డులో గొడ్డలితో ఎవరికీ పని లేదు.

రెండో దెబ్బ పడింది. ఈసారి చెక్క చిట్లిన చప్పుడు కూడా వచ్చింది.

"పెద్ద తొట్టి!" అని అరిచి, చేతికందిన పార పట్టుకుని పరుగెత్తాడు. వెనకే ఇద్దరు కూలీలు.

పెద్ద తొట్టి అంటే ఆ ఎస్టేటుకి ప్రాణం. వందేళ్ళనాటి చెక్క తొట్టి, రెండు నిలువుల ఎత్తు. కొండవాలులో పండిన మేలురకం ద్రాక్షంతా అందులోనే పులుస్తుంది. ఎస్టేటుకి పేరు తెచ్చిన ఎర్ర వైను అందులోదే. దాని మీద ఈగ వాలినా మేస్త్రీ ఊరుకోడు. పెళ్ళాన్ని కూడా అంత ముద్దుగా చూసుకోడని కూలీలు చాటుగా నవ్వుకుంటారు.

తొట్టి ముందు నిన్నటి ముసలివాడు నిలబడి ఉన్నాడు. చేతిలో గొడ్డలి.

నిన్న పని అడగటానికి వచ్చాడు. కోతలు అయిపోయాయి, పొమ్మన్నా పోలేదు. తొట్టి చుట్టూ తిరిగి, చెక్కలు తడిమి, "పిప్పి తోడే ముందు కొవ్వొత్తి దించట్లేదా బాబూ?" అని అడిగాడు.

వైను పట్టేశాక తొట్టి అడుగున ద్రాక్ష పిప్పి మిగులుతుంది. దాన్ని తోడటానికి మనిషి పైనుంచి నిచ్చెన వేసుకుని దిగాలి. పులిసిన పిప్పి వదిలే గాలి లోపల పేరుకుని ఉంటుంది. కంటికి కనపడదు, పీల్చినవాడు లేవడు. అందుకే ముందు వెలిగించిన కొవ్వొత్తిని తాడుకు కట్టి దించుతారు. అది ఆరిపోతే ఎవరూ దిగకూడదు.

ఈ ఏడు పని వెనకబడిందని ఆ తతంగం మానిపించింది మేస్త్రీయే. అందుకే ముసలివాడి మాట సూటిగా తగిలింది.

"నీకెందుకయ్యా? పక్క ఎస్టేటువాళ్ళు పంపారా?" అని మెడపట్టి గెంటించాడు.

ఇవాళ ఆ అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"పగలగొట్టేస్తున్నాడ్రా! పట్టుకోండి!"

ముసలివాడు తల తిప్పలేదు. మూడో దెబ్బ వేశాడు. చెక్క చీలి, అడుగున మిగిలిన రసమూ పిప్పీ ఎర్రగా తన్నుకొచ్చాయి.

అది చూసేసరికి మేస్త్రీకి ఒళ్ళు తెలియలేదు. పార ఎత్తి వీపు మీద బాదాడు.

ముసలివాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గొడ్డలి మాత్రం వదల్లేదు.

"లోపల... బాబూ, లోపల..."

"లోపల ఏముందో నాకు తెలీదా? ఎవడు పంపాడ్రా నిన్ను?"

ఒక కూలీ డొక్కలో తన్నాడు. రెండోవాడు చెయ్యి మెలిపెట్టి గొడ్డలి లాక్కోబోయాడు. ముసలివాడు వాడి చెయ్యి కండ ఊడేలా కొరికి, తొట్టి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, కూర్చునే నాలుగో దెబ్బ వేశాడు. మనిషి పట్టేంత కన్నం పడింది.

మేస్త్రీ మళ్ళీ పార ఎత్తాడు. ఈసారి తల మీద పడింది. అంతటితో ఆగక ఇంకోటి వేశాడు.

గొడ్డలి జారిపోయింది. ముసలివాడు తడి పిప్పిలో బోర్లా పడ్డాడు.

అప్పుడు తొట్టిలోంచి దగ్గు వినపడింది.

కూలీ ఒకడు వంగి కన్నంలోకి చూశాడు. వాడి మొహం పాలిపోయింది.

"అన్నా... లోపల మీ తమ్ముడు!"

మేస్త్రీ చేతుల మీద పెరిగిన తమ్ముడు. భోజనాలయ్యాక దిగమంటే, అన్న మెచ్చుకుంటాడని ముందే దిగాడు.

ముగ్గురూ కలిసి కన్నంలోంచి బయటికి లాగారు. పెదాలు నల్లబడ్డాయి గాని, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"కళ్ళు తిరిగి పడిపోయానన్నా," అన్నాడు కాసేపటికి. "పైనుంచి ఎవరో తొంగి చూశారు. 'నేనూ దిగితే ఇద్దరం పోతాం, అడుగు కొడతాను, ఓర్చుకో నాయనా' అన్నారు. తర్వాత చల్లగాలి తగిలింది."

అడుగున చిన్న తలుపు ఉంది గాని, లోపల పిప్పి ఒత్తుకుని ఉంటే తెరుచుకోదు. ఆ గాలి బరువైంది, నీళ్ళలా అడుగునే నిలుస్తుంది. కింద కన్నం పడితేనే బయటికి పోతుంది. మేస్త్రీకి తెలియని సంగతులు కావు ఇవి.

పార అవతల పారేసి, ముసలివాణ్ణి వెల్లకిలా తిప్పి తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయ్యా! లేవయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటా, కళ్ళు తెరువు!"

ముసలివాడు కళ్ళు తెరిచాడు. మేస్త్రీని కాదు, తమ్ముణ్ణి చూశాడు. వాడు ఊపిరి తీసుకోవడం చూశాడు. ఆ తర్వాత ఇక కదల్లేదు.

మేస్త్రీ బావురుమన్నాడు.

గొడవ విని యజమానురాలు కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"అమ్మగారూ, నేనే చంపేశాను. తొట్టి పోతుందని మనిషిని చంపేశాను."

ఆవిడ తొట్టివైపు చూడలేదు. కష్టం మీద కింద కూర్చుని, ముసలివాడి మొహం మీది పిప్పి కొంగుతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపేసింది.

"నువ్వు రాకముందు ఇక్కడ మేస్త్రీ ఇతనే," అంది. "పాతికేళ్ళయింది. ఇదే తొట్టిలో ఇలాగే ఒకడు పడిపోయాడు. ఇతను గొడ్డలి ఎత్తాడు. మా ఆయన అడ్డం వచ్చి, తొట్టి జోలికి వెళ్ళావంటే ఊరుకోనన్నారు. ఆయన మాట కాదనలేక గొడ్డలి కింద పెట్టేశాడు."

తమ్ముడు అడిగాడు.

"అప్పుడు లోపలున్నది ఎవరు అమ్మగారూ?"

"ఇతని కొడుకు."