పొగగొట్టం

"తలుపు తియ్యత్తా! పొగ పైకొచ్చేస్తంది. పొయ్యి ఆర్పెయ్యి."

"ఆర్పను. నన్ను సలికి సావమంటావేటి?" లోపల్నుంచి దేవుడమ్మ గొంతు. ఆ వెనకే దగ్గు.

మోహనప్రియ కిందిమెట్టు మీద నిలబడి తలుపు మళ్ళీ బాదింది. కామెరన్ కొండల్లో, రింగ్లెట్ ఊరి చివరి ఇల్లది. ఇంటి అడుగున, సగం నేలలోకి తవ్వి కట్టిన గది ఉంది. అందులో ఇనప డ్రమ్ము కోసి చేసిన కట్టెల పొయ్యి. దాని వేడి చెక్కనేల సందుల్లోంచి పైగదులకు ఎక్కుతుంది. పొగేమో గొట్టంలోంచి వెనకగోడ దాటి కొండ వైపు బయటికి పోవాలి. ఈ మధ్యాహ్నం పోవడం లేదు. వేడితో పాటు పొగ కూడా ఇంట్లోకే లేస్తోంది.

"గొట్టానికేటో అడ్డుపడింది అత్తా. బయటికొచ్చెయ్యి!"

"నువ్వే అడ్డెట్టుంటావు. పొద్దున్న ఆర్పమన్నావు, నాను యిన్లేదు. అందుకే ఇలాగ సేసినావు."

"సామి మీదొట్టు! నాను ముట్టుకోలేదు."

జవాబుగా దగ్గు. తెరలు తెరలుగా దగ్గు. తర్వాత ఏదో దబ్బున పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"అత్తా?"

రేకుల మీద వాన తప్ప ఇంకో శబ్దం లేదు.

"అత్తా! మాటాడు!"

మోహనప్రియ పరుగున వెళ్ళి కట్టెలు కొట్టే పరాంగ్ కత్తి తెచ్చింది. తలుపు సందులో దూర్చి బలమంతా వేసి నొక్కింది. గడియ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. చెక్క ఫెళ్ళున చీలింది.

పొగ ముఖం మీదికి దూకింది. తడితువ్వాలు ముక్కుకు కట్టుకుని, నేల మీద పాకుతూ లోపలికి వెళ్ళింది. కళ్ళు మండిపోతున్నాయి. చేతికి కట్టెలు తగిలాయి. పీట తగిలింది. తర్వాత ఒక పాదం.

చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగింది. బక్కపలచని ముసలమ్మ ఇంత బరువుంటుందని ఎన్నడూ అనుకోలేదు. మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంది. సగం మెట్లెక్కాక ఆమెకు ఒక ఊహ తట్టింది. అత్త చచ్చిపోతే? లోపల గడియ అత్తే వేసుకుందని ఎవరు నమ్ముతారు? తలుపు విరిగి ఉంది. పక్కనే తన కత్తి.

ముంగిట్లో, వానలో పడుకోబెట్టి చెంపలు తట్టింది. కదలిక లేదు. తడిచేతులతో మొగుడికి ఫోన్ చేసింది. "మావా, రా! అత్త... తొరగా రా!"

ఫోన్ పెట్టేసి మళ్ళీ తట్టింది. ఛాతీ మీద అదిమింది. దేవుడమ్మ ఒక్కసారిగా ఎగశ్వాస తీసి, పక్కకు తిరిగి వాంతి చేసుకుంది.

"బతికినావా అత్తా! అమ్మయ్యా, బతికినావు!" మోహనప్రియ భోరుమంది.

టమాటా తోటలో పనిచేస్తున్న కృష్ణకుమార్ పికప్‌లో వచ్చేశాడు. ఇంజను ఆపకుండానే దూకాడు. దేవుడమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది.

"ఒరే కిష్టా... నీ పెళ్ళాం గొట్టం మూసీసిందిరా. నన్ను సంపీడానికి."

అతను విరిగిన తలుపు చూశాడు. కత్తి చూశాడు. భార్య వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఏటి సేసినావే?"

పొగలోకి పాకినప్పుడు కూడా ఆమెకు అంత భయం వేయలేదు.

"నానేటీ సెయ్యలేదు మావా. ఎల్లు. గొట్టం నీ కళ్ళతో సూసొచ్చి, అప్పుడడుగు."

అతను ఒక పొడుగాటి కర్ర తీసుకుని ఇంటి వెనక్కి వెళ్ళాడు. మోహనప్రియ అత్త తల ఒళ్ళో పెట్టుకుంది. దేవుడమ్మ ఆ చేతిని తోసెయ్యబోయింది గానీ ఓపిక లేకపోయింది. వాన తగ్గలేదు. గాలికి ఏ గుడ్డపీలికో ఎగిరి వెళ్ళి గొట్టంలో ఇరుక్కుని ఉంటే? అది తన చీరదే అయితే? మోహనప్రియ ఇంటి మూలవైపే చూస్తూ కూర్చుంది.

కృష్ణకుమార్ పరుగున వచ్చాడు. చేతిలో కర్ర లేదు. మోకాళ్ళదాకా ఎర్రబురద. ఎవరి ముఖమూ చూడలేదు. తల్లిని అమాంతం ఎత్తి బండిలో పడేసినట్టే కూర్చోబెట్టాడు.

"ఎక్కు!"

"ఏటైంది మావా?"

"ఎక్కమన్నానా!"

"తలుపులు తీసున్నాయి. నా బ్యాగు..."

అతను ఆమె జబ్బ పట్టి లోపలికి తోశాడు. బండి తడిరోడ్డు మీద జారుతూ కిందికి దూకింది. ఆమె జబ్బ నొప్పెడుతోంది. ఆసుపత్రితో పాటు పోలీసు స్టేషన్ కూడా కిందనే ఉంది.

"పోలీసుల కాడికా మావా?" ఆమె అడిగింది.

అతను మలుపు తిరిగి, బస్టాపు దగ్గరి చదునైన చోట బండి ఆపాడు. వెనక్కి తిరిగి కొండ వైపు చూశాడు.

అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. వంద లారీలు ఒక్కసారే రాళ్ళు దింపినట్టు. బండి కింద నేల అదిరింది. తర్వాత మళ్ళీ వాన చప్పుడే.

"ఏట్రా అది?" దేవుడమ్మ బిక్కచచ్చిపోయింది. "నోరిప్పవేటి? గొట్టానికి ఇది ఏటడ్డెట్టిందో సెప్పు."

కృష్ణకుమార్ భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఇదేటీ ఎట్టలేదమ్మా. ఎనకాల కొండే జరిగొచ్చి మన గోడకి ఆనుకుంది."