లీజు బేరం

"ఫైనాన్సులో కొంటే ఈ చిన్న ఎస్‌యూవీకి నెలకు ఇరవై వేలు, లీజైతే పదహారే," అన్నాడు నరసరావుపేట షోరూం మేనేజరు.

లెక్క చూడమని నన్ను వెంట తెచ్చింది హనిమిరెడ్డిగారు. ఆయన మిరప చేను కౌలుకు చేస్తున్న మా నాన్న, ఈ ఏడు కౌలు పెంచొద్దని దారిలో అడగమన్నాడు. షోరూం దాకా వచ్చినా అడగలేకపోయాను.

కాగితాలు చదివాను. "మూడేళ్లు కట్టాలి. రిపేర్లు మనవే. ఆనక కారు వాళ్లకే ఇచ్చెయ్యాలండీ."

"ఏందీ? డబ్బు కట్టి, కళ్లలో పెట్టుకుని చూసి, చివరికి వాళ్ల చేతిలో పెట్టాలా? ఏ పిచ్చోడు ఒప్పుకుంటాడే?"

"మా నాన్నండీ," అన్నాను. "మీ చేనుకు, ఇరవై ఏళ్లుగా."

ఆయన ఫైనాన్సు కాగితాల మీద సంతకం పెట్టారు. మెట్లు దిగుతూ అన్నారు: "పాత కౌలే కట్టమను మీ నాయన్ని. నిన్ను మాత్రం ఇంకెక్కడికీ లెక్కలకు తీసుకుపోను."