అట్ట మీద పేరు

పొద్దున ఆరింటికి ఆమె యుస్సికి ఫోన్ చేసింది. ఆ భవనంలో మంచుతీత నుంచి కుళాయిల దాకా అన్నీ చూసుకునేది యుస్సియే.

"మా ఇంట్లో చావు. జెండా సగానికి ఎత్తు."

"అలాగేనమ్మా," అన్నాడు యుస్సి. ఎవరని అడగలేదు. చావు జరిగిన భవనం ముందు జెండా సగానికి ఎత్తడం టాంపెరే ఊరి ఆచారం; పోయిందెవరని మాత్రం అడగరు. చలిలో కిందికి దిగాడు. జెండా సగం దాకా లాగి కట్టాడు. టోపీ తీసి ఒక నిమిషం నిలబడ్డాడు.

ఆ భవనంలో పేరున్న మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు. ఎదురింటి కిటికీలోంచి ఆ జెండా చూసినావిడ ఎవరికో చెప్పింది. ఆ ఎవరో ఇంకెవరికో చెప్పారు. ఎనిమిదింటి వార్తల్లో రేడియో దేశానికంతా చెప్పేసింది. గాయని, నటి ఎయిలా హవిస్తో ఇక లేరు. వయసు డెబ్భై నాలుగు.

వెంటనే పాట వేశారు. పదేళ్ళుగా ఎయిలా పాట ఒక్కటి వేసిన పాపాన పోని రేడియో, ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి. చచ్చినవారి కళ్ళు చారెడు.

పాటకీ పాటకీ మధ్య ఆవిడ బతుకంతా చెప్పారు. పదిహేడో ఏట సరస్సు ఒడ్డున డాన్సు హాల్లో తొలి పాట. ఏడు సినిమాలు. రెండు వందల రికార్డులు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు స్టాక్‌హోమ్ వెళ్ళే ఓడల మీద, తాగి తూలే జనం ముందు పాడిన సంగతి మాత్రం ఎత్తలేదు. గౌన్లు కుట్టి, వ్యాను తోలి, ఫోన్లకి జవాబు చెప్పిన చెల్లెలు సిర్కా సంగతి అసలే ఎత్తలేదు.

వంటింట్లో కాఫీ చల్లారిపోయింది. ఫోన్ మోగింది.

"సిర్కా! పోయిందటే మన ఎయిలా?"

హన్నెస్. ఎయిలాతో ఆరేళ్ళు కాపురం చేసి విడిపోయినవాడు. అకార్డియన్ వాయిస్తాడు. పొద్దున్నే తాగి ఉన్నాడు.

"రేడియో చెప్తోందిగా," అన్నదామె.

"ఏం గొంతే దానిది! నటనే రాలేదు పాపం. ఏడు సినిమాలు, ఒకటే మొహం."

"ఇంకేమైనా ఉందా?"

"ఏడవ్వేమే? నీది గుండె కాదు, గుండ్రాయి." ఏడుస్తూనే పెట్టేశాడు.

తొమ్మిదింటికి రైమో వెస్తో చేశాడు. రికార్డుల కంపెనీ అతనిది. మూడేళ్ళ కిందట ఎయిలా పాడిన చివరి పన్నెండు పాటలు అతని బీరువాలోనే మగ్గుతున్నాయి. ఆ పాటలు రాసింది సిర్కా. "ముసలమ్మ గొంతు, ఊరూ పేరూ లేనిదాని మాటలు. ఎవడు కొంటాడు?" అని అప్పట్లో మొహం మీదే అన్నాడు. ఆ రికార్డు ఊసు లేకుండా ఆ అక్కచెల్లెళ్ళ ఇంట్లో ఒక్క పూట గడవలేదు.

"సిర్కా, నువ్వేనా? ఫోన్లో మీ ఇద్దరి గొంతూ ఒకటే."

"ఈ ఇంట్లో ఫోను ఎవరెత్తుతారు?"

"నోట మాట రావడం లేదు సిర్కా."

"రానప్పుడు ఎందుకు చేశావు?"

రైమో గొంతు సవరించుకున్నాడు. "ఆ పన్నెండు పాటలూ శుక్రవారానికి మార్కెట్లోకి తెచ్చేద్దామని. జనం ఇంకా ఏడుస్తుండగానే. వారసురాలివి నువ్వేగా?"

"ఆమెకి నేను తప్ప ఎవరూ లేరు. నాకూ అంతే."

"అయితే ఊ అను."

"రికార్డు అట్ట మీద పేరుండాలి. రాసింది సిర్కా హవిస్తో అని. ఎయిలా పేరు ఎంత అక్షరాల్లో వేస్తే అంత అక్షరాల్లో."



"మనిషి ఒళ్ళింకా చల్లారలేదు. అప్పుడే పేరు గోలా నీకు?"

"చల్లారింది. నేను పట్టుకుని చూశాను."

"సరే, వెనక వైపు వేస్తాలే. చిన్నగా. అందరికీ వేసినట్టే."

"ముందు వైపు. లేదంటే నీ బీరువాలోనే పెట్టి పూజ చేసుకో. కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. పన్నెండింటికి శవం కోసం బండి వస్తుంది. అది వచ్చాక ఈ బేరం ఉండదు."

పదకొండుంపావుకి తలుపు గంట మోగింది. రైమో స్వయంగా వచ్చాడు. ఆమె తలుపు దగ్గరికి వచ్చింది గానీ గడియ తీయలేదు.

"తియ్యి సిర్కా. ఒక్కసారి ఎయిలా మొహం చూసి పోతా. నలభై ఏళ్ళ పరిచయం మాది."

"మూడేళ్ళుగా చూడాలనిపించలేదుగా. ఉత్తరాల కంతలోంచి కాగితం వెయ్యి."

"చూడనివ్వకపోతే వెయ్యను."

"అయితే పట్టుకుపో."

తలుపుకి ఇటు ఆమె, అటు అతను. మెట్ల మీద దీపం దానంతటదే ఆరిపోయింది. రైమో తడుముకుని మళ్ళీ వేశాడు. కింది ఇంట్లో రేడియోలో ఎయిలా పాడుతూనే ఉంది.

చివరికి కంత రేకు కిర్రుమంది. కాగితం జారి చాప మీద పడింది.

"బతుకంతా దాని నీడలో బతికావు," అన్నాడు రైమో, తలుపుకి నోరు ఆనించి. "ఇవాళ దాని శవమెక్కి నిలబడ్డావు. నీలాంటి చెల్లెలు పగవాడికి కూడా వద్దు."

"నీడలో బతికిన మాట నిజమే," అన్నదామె.

అడుగుల చప్పుడు కింది దాకా పోయింది. వీధి తలుపు పడింది.

ఆమె వంగి కాగితం తీసింది. పేరు సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం చూసింది. సంతకం చూసింది. తేదీ చూసింది.

కళ్ళజోడు తుడుచుకుని ఎయిలా హవిస్తో లోపలి గదిలోకి వెళ్ళి, తెల్లవారుజామున కన్నుమూసిన చెల్లెలు సిర్కా పక్కన కూర్చుని, ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది.